స్వయంపాకం: బసలో వంట చెప్పే ఆరోగ్య చరిత్ర

సెలవులు దగ్గర పడగానే కుటుంబాలు తీర్థయాత్రలకో, కొండ ప్రాంతాలకో ప్రయాణం కడతాయి. అప్పుడు మిత్రులు, బంధువులు తప్పక వేసే ప్రశ్న ఒకటి ఉంది: "బయటి భోజనం నలుగురికీ ఖర్చు, పైగా పిల్లలకు పడటం లేదు. బస చేసిన గదిలోనే తేలికగా ఏదైనా వండుకోవచ్చునా?" వండుకోవచ్చును. అయితే ఏమి వండుకోవాలో చెప్పడానికి ముందు ఈ అలవాటుకున్న చరిత్రను మీ ముందుంచదలచాను. ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. మన పెద్దలు దీనికి పెట్టుకున్న పేరు స్వయంపాకం.

ఆ మాటకు రెండు అర్థాలున్నాయి. తన వంట తాను చేసుకోవడం ఒకటి. వండుకోవడానికి కావలసిన బియ్యం, పప్పు, చింతపండు, ఉప్పు, కూరగాయలను దానంగా ఇవ్వడం రెండవది. ఈ రెండవ అర్థంలో ఆ మాట నేటికీ మన ఇళ్లలో వినబడుతుంది. ఈ రెండు అర్థాలూ పెనవేసుకొని పెరిగిన చోటు ఒకటుంది. అది సత్రం.

సత్రాల కాలం

రైళ్లు రాకముందు దూరప్రయాణమంటే నెలల తరబడి సాగే వ్యవహారం. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపురం, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ, విశాఖపట్నాల మీదుగా వెనుదిరిగాడు. దారిలో మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు రాసిన లేఖలే 1838లో "కాశీయాత్ర చరిత్ర"గా అచ్చయ్యాయి.

ఆ గ్రంథాన్ని వైద్యుని దృష్టితో చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది. మజిలీ చేరిన ప్రతిచోటా ఆయన చూపు ముందుగా కొన్ని అవసరాల మీద పడుతుంది. దిగడానికి సత్రమో చావడో ఉందా, నీటి వసతి ఎట్లా ఉంది, అంగళ్లలో ఏ సామగ్రి దొరుకుతుంది? దేవాలయాల వైభవంతోపాటు వీటిని కూడా శ్రద్ధగా నమోదు చేశాడు. కారణం సులభం. నీరూ, వంటచెరకూ, దినుసులూ దొరకని మజిలీలో పరివారానికి భోజనం లేదు. నేడు మనం బస కుదుర్చుకునే ముందు గదిలో ఏమేమి సౌకర్యాలున్నాయో విచారించడం ఆ జాగ్రత్తకు కొనసాగింపే.

సత్రం ఎట్లా నడిచేదో తెలిపే విలువైన లేఖ తంజావూరు నుంచి లభించింది. మరాఠా రాజు శరభోజి 1801లో అక్కడి బ్రిటిష్ రెసిడెంటుకు రాసిన లేఖ అది. రామేశ్వరం వెళ్లే దారిలోని సత్రాల పద్ధతిని అందులో వివరించాడు. అన్ని కులాల బాటసారులకూ అక్కడ వండిన అన్నం పెట్టేవారు. వండిన అన్నం పుచ్చుకోని వారికి బియ్యం, సంబారాలు విడిగా కొలిచి ఇచ్చేవారు. మధ్యరాత్రి గంట మోగించి, ఇంకా తినని వారెవరైనా ఉంటే రమ్మని పిలిచేవారు. జబ్బుపడిన బాటసారిని చూడటానికి వైద్యుడు, మందు, పథ్యం ఉండేవి. తల్లిపాలు చాలని పసిబిడ్డలకు పాలు ఇచ్చేవారు. భోజనం, వసతి, వైద్యం ఈ మూడింటినీ ఒకే కప్పు కింద చేర్చిన ఆ ఏర్పాటును చదివినప్పుడు, ఆరోగ్యసేవలో నా జీవితమంతా గడిపిన నాకు గౌరవభావం కలిగింది.

అన్ని సత్రాలూ ఇంత ఉదారంగా ఉండేవని భావించరాదు. అనేక సత్రాలు కొన్ని కులాలకే పరిమితమై ఉండేవి. కొందరికి వరండా కూడా దక్కేది కాదు. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

మూడు రాళ్ల పొయ్యి మీద ఏమి ఉడికేది?

బాటసారి వంటకు నియమాలను పరిస్థితులే నిర్ణయించాయి. ఉన్నది ఒకే పొయ్యి, తరచుగా మూడు రాళ్లే. పుల్లలైనా పిడకలైనా కొనుక్కోవాలి. తెల్లవారుజామున మళ్లీ నడక. అందువల్ల తక్కువ గిన్నెలు, తక్కువ మంట, తక్కువ వ్యవధి కోరే వంటే నిలబడింది. నేటి యాత్రికుడు కోరుకుంటున్నదీ ఇవే కదా!

అట్టి వంటకు ఉత్తమోదాహరణ పులగం. బియ్యం, పెసరపప్పు ఒకే తపేలాలో కలిసి ఉడుకుతాయి. కందిపప్పును కాక పెసరపప్పునే ఎంచుకోవడంలో అనుభవముంది. పెసరపప్పు నానబెట్టకపోయినా త్వరగా మెత్తబడుతుంది. కందిపప్పుకు మంట ఎక్కువ కావాలి. కాల్షియం, మెగ్నీషియం లవణాలున్న కఠినజలంలో పప్పు మరింత మొండికేస్తుంది. ఊరు మారితే నీరు మారుతుంది, ఇంట్లో మూడు కూతలకు ఉడికిన కందిపప్పు పరాయి ఊళ్లో పలుకులుగా మిగిలిపోవడానికి తరచుగా కారణం ఇదే.

పోషణ దృష్ట్యా కూడా పులగం చక్కని జోడింపు. బియ్యపు మాంసకృత్తులలో లైసిన్ అనే ఆమైనో ఆమ్లం తక్కువ. పప్పులో అది సమృద్ధి. పప్పులో తక్కువైన మిథియోనిన్ బియ్యంలో లభిస్తుంది. ఉత్తరాదివారు ఖిచిడీ అన్నా, మనం పులగం అన్నా ఈ లెక్క మారదు. రసాయనశాస్త్రం ఈ సంగతి కనుగొనడానికి ఎంతో ముందే వంటిల్లు ఈ జోడీని కుదిర్చింది.

దారిలో తినడానికి కట్టుకునే సద్దిలోనూ ఇట్టి వివేకమే కనబడుతుంది. చింతపండు గుజ్జును నూనెలో దగ్గరపడేవరకు ఉడికిస్తే నీటి శాతం తగ్గుతుంది, పులుపు చిక్కనవుతుంది. పుల్లని పదార్థంలో సూక్ష్మజీవులు పెరగడం కష్టం. పులిహోర ప్రయాణపు అన్నమైంది ఇందుకే. కందిపొడి, నువ్వులపొడి, వడియాలు, పేలపిండి వంటివి తేమ లేనివి కనుక నిలిచేవి. దూరప్రయాణానికి పెరుగన్నం కలిపేటప్పుడు పాలు ఎక్కువగా పోసి, పెరుగు ఒక చెంచా మాత్రమే తోడు వేసేవారు. తినే వేళకు అది తోడుకొని కమ్మగా ఉండేది.

పాత్రల విషయంలోనూ ఒక జాగ్రత్త ఉండేది. ఇత్తడి, రాగి పాత్రలలో పులుసు కాస్తే లోహం పదార్థంలోకి దిగుతుంది. అందుకే లోపల తగరపు పూత వేయించేవారు. దానినే కళాయి అంటాము. కళాయి అరిగిన గిన్నెతో యాత్రకు వెళ్లకూడదని ఇంటి పెద్దలకు తెలుసు. మంచినీటికి మూత బిగించే మరచెంబు ఉండేది. ఆనాటి నీటిసీసా అదే.

మడి కాపాడినదేమి, కాపాడనిదేమి?

ఇక్కడ ఒక చేదు నిజాన్ని చెప్పుకోవాలి. స్వయంపాకానికి ఆనాడు ప్రధాన హేతువు ఆరోగ్యం కాదు. మడి. అన్యుల చేతివంట తినరాదనే కట్టుబాటే చాలామందిని పొయ్యి ముందు కూర్చోబెట్టింది. రైళ్లు వచ్చిన తరువాత కూడా ఈ పట్టింపు పోలేదు. స్టేషన్లలో హిందువులకు వేరుగా, ముస్లిములకు వేరుగా తాగునీరు అందించే పద్ధతి 1940ల వరకు సాగింది. ఆ కట్టుబాటు కొందరిని పొయ్యి దగ్గరకే కాదు, బావి దగ్గరకు కూడా రానీయలేదు. దప్పికతో వచ్చిన మనిషికి నీరు నిరాకరించడం ఏ శుచి? నా దృష్టిలో అది ఆచారం కాదు, అపచారం.

అయితే ఆ కట్టుబాటు వెంట తెలియకుండానే కొన్ని మంచి అలవాట్లు కూడా వచ్చాయి. వంటకు ముందు చేతులు కడుక్కోవడం, ఏ పూటకు ఆ పూట వండుకోవడం, వేడిగా ఉండగానే తినడం, మిగిలినదాన్ని దాచకపోవడం, ఒకరి ఎంగిలి ఒకరు ముట్టకపోవడం. ఇవి నిస్సందేహంగా కొంత రక్షణ ఇచ్చి ఉంటాయి.

మరి ఆ రక్షణ చాలిందా? చాలలేదు. 1867 ఏప్రిల్‌లో హరిద్వార్ కుంభమేళాకు లక్షలాది యాత్రికులు చేరారు. అక్కడ పుట్టిన కలరా ఇళ్లకు తిరిగి వెళుతున్న యాత్రికులతో కలిసి ఉత్తర భారతమంతటా ప్రయాణించింది. మడితో వండుకున్నవారిని ఆ వ్యాధి వేరుచేసి చూడలేదు. ఎందుకంటే ప్రమాదం అన్నంలో కాదు, నీటిలో ఉంది. అన్నం వండిన నీరు మరిగింది. తాగిన నీరు మరగలేదు. స్నానం చేసిన చోటే నోరు పుక్కిలించారు, అక్కడి నీటినే చెంబులో నింపుకున్నారు. పాత్ర తళతళలాడుతూ ఉన్నా, అందులోని నీరు శుచిగా ఉందని అర్థం కాదు.

కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని లండన్‌లో జాన్ స్నో 1854 నాటికే సాక్ష్యాలతో చూపాడు. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ 1884లో కలకత్తాకు వచ్చి, రోగుల పేగులలోను, ఒక చెరువు నీటిలోను కలరా సూక్ష్మజీవిని గుర్తించాడు. పందొమ్మిదవ శతాబ్దం ద్వితీయార్ధంలో పూరీ యాత్రికుల బసలను అదుపు చేయడానికి ప్రభుత్వం చట్టం తెచ్చింది. బసకు లైసెన్సు ఉండాలి, గదిలో ఇంతమందికి మించి ఉంచరాదు అనే నియమాలు అట్లా పుట్టాయి. వంట శుచి ఒక్కటే చాలదు, వసతి శుచి కూడా ప్రజారోగ్యమే అన్న గ్రహింపుకు అది ఆరంభం.

చరిత్రలోని ఈ అధ్యాయం నుంచి మీరు ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే చాలు. ఎవరు వండారన్నది కాదు, ఎంత వేడిలో ఉడికింది, ఎంతసేపు నిలవ ఉంది, ఏ నీటితో ముగిసింది అన్నదే ఆరోగ్యాన్ని నిర్ణయిస్తుంది.

ఒక వైద్యుని పాత్ర

పొయ్యి మారడం ఈ కథలో తరువాతి ఘట్టం. 1892లో స్వీడన్‌లో పుట్టిన ప్రైమస్ స్టవ్వు మన దేశానికి వచ్చి కిరసనాయిలు పంపు స్టవ్వుగా స్థిరపడింది. పుల్లలు వెదుక్కునే బాధ కొంత తీరింది. అయితే మన అంశానికి మరింత దగ్గరి ఆవిష్కరణ కలకత్తాలో జరిగింది.

ఇందుమాధవ మల్లిక్ అనే బెంగాలీ పండితుడు తత్త్వశాస్త్రం, న్యాయశాస్త్రం చదివి, పిమ్మట వైద్యుడయ్యాడు. యాత్రాప్రియుడు. చైనా ప్రయాణం గురించి పుస్తకం రాశాడు. ఆయన 1910లో ఇక్‌మిక్ కుక్కరును రూపొందించాడు. ఒక పొడవాటి స్తూపాకార పాత్ర, దాని అడుగున బొగ్గుల పళ్లెం, లోపల టిఫిను క్యారియరులా ఒకదానిపై ఒకటి అమరే గిన్నెలు. ఒకదానిలో బియ్యం, మరొకదానిలో పప్పు, వేరొకదానిలో కూర పెట్టి బొగ్గు రాజేసి వెళితే, ఆవిరికి అన్నీ ఒకేసారి నెమ్మదిగా ఉడికేవి. పూరీ జగన్నాథాలయంలో కుండ మీద కుండ పెట్టి ప్రసాదం వండే తీరును చూసి ఆయనకు ఈ ఆలోచన కలిగిందని చెబుతారు. ఆరోగ్యకరం, పొదుపు అనే అర్థాలనిచ్చే రెండు ఇంగ్లీషు మాటల చివరలను కలిపి ఆ పేరు పెట్టాడని కూడా అంటారు.

ఆ పేరులోని రెండు భావాలూ ఈనాటి మన ప్రశ్నలోనే ఉన్నాయని గమనించండి. ఇల్లు విడిచి మెస్సులలో ఉండే ఉద్యోగులకు, విద్యార్థులకు, ప్రయాణికులకు అది ఆప్తమిత్రమైంది. దక్షిణాదిలో ఇదే తరహాలో వచ్చిన రుక్మిణీ కుక్కరు పేరు పాతతరం వారిలో కొందరికి గుర్తుండవచ్చు. ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. బొగ్గు మండేచోట కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో నిద్రిస్తున్నవారిని అది లేవనీయదు. బొగ్గుల కుంపటి ఏనాడూ పడకగది వస్తువు కాదు.

ఒత్తిడితో వండే పద్ధతికి మూలం ఇంకా పాతది. దానికీ వైద్యవిద్యతో సంబంధముంది. వైద్యం చదివిన ఫ్రెంచి దేశస్థుడు డెనీ పపిన్ 1679లో, గట్టి ఎముకలను సైతం మెత్తబరిచే మూతబిగింపు పాత్రను లండన్ రాయల్ సొసైటీ ముందు ప్రదర్శించాడు. మామూలుగా 100 డిగ్రీల వద్ద మరిగే నీరు నేటి ప్రెషర్ కుక్కరులో సుమారు 120 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. మన యాత్రికులకు దీని విలువ బదరీనాథ్‌లో తెలుస్తుంది. సముద్రమట్టానికి సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉన్న ఆ క్షేత్రంలో నీరు 90 డిగ్రీలకే మరుగుతుంది. మూతలేని గిన్నెలో పప్పు ఎంతసేపు ఉంచినా సరిగా ఉడకదు.

నేడు బసలో వంటకు ఎక్కువమంది తీసుకువెళ్లే విద్యుత్ కుక్కరు జపాన్‌లో పుట్టింది. టోక్యోలో చిన్న కర్మాగారం నడిపే యోషితాదా మినామీ దానిని రూపొందించగా, తోషిబా సంస్థ 1955 డిసెంబరులో విపణికి తెచ్చింది. ఎంత బియ్యానికి ఎంత నీరు, ఎంత సమయం అన్న ప్రయోగాల భారం మోసినది ఆయన భార్య ఫుమికో. అన్నం గిన్నెలో నీరు ఉన్నంతవరకు వేడి 100 డిగ్రీలు దాటదు. నీరు ఇగిరిన క్షణం అడుగు వేడి పెరుగుతుంది. ఆ పెరుగుదలను గుర్తించి మీట తనంత తానే ఆగిపోతుంది. నేటి కుక్కర్లలోనూ ఈ సూత్రమే పనిచేస్తోంది.

మిగిలిన అన్నం సంగతి

పెద్దలు "ఏ పూటకు ఆ పూటే" అన్నదానికి శాస్త్రీయమైన వివరణ ఆలస్యంగా దొరికింది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి సిద్ధబీజాలు తరచుగా ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి, వృద్ధి చెంది, వాంతులు కలిగించే విషపదార్థాన్ని తయారు చేస్తాయి. 1970లలో ఇంగ్లండ్‌లో, నిలవ అన్నాన్ని వేయించి వడ్డించిన భోజనశాలల వల్ల కలిగిన అస్వస్థతలతో ఈ సంగతి విస్తృతంగా వెలుగులోకి వచ్చింది. ఆ విషం ఒకసారి తయారైతే మళ్లీ వేడిచేసినా నశించదు. "బాగా కాచాను కదా" అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

"మన తాతలు చద్దన్నం తిని ఆరోగ్యంగా లేరా?" అని మీరడగవచ్చు. చద్దన్నం వేరు, మరచిపోయిన అన్నం వేరు. నీటిలోనో మజ్జిగలోనో మునిగి పులిసిన అన్నంలో లాక్టిక్ ఆమ్లం పెరుగుతుంది. ఆ పులుపు చెడ్డ సూక్ష్మజీవులను కొంత అణచివేస్తుంది. గది మూలన కుక్కరులో పొడిగా మిగిలి, మరునాడు పోపు వేయించుకున్న అన్నానికి ఆ రక్షణ లేదు. తీర్థయాత్రల నుంచి తిరిగివచ్చి వాంతులు, విరేచనాలతో ఆసుపత్రికి వచ్చినవారిని "ఏమి తిన్నారు?" అని అడిగితే హోటలు పేరు చెప్పేవారు. "అంతకు ముందు?" అని అడిగితే కొందరి సమాధానం నిన్నటి పులిహోర పొట్లం దగ్గర ఆగేది. పులుపు సూక్ష్మజీవులను నిదానింపజేస్తుంది, పూర్తిగా ఆపదు.

5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల వరకు ఉన్న ఉష్ణోగ్రత ఆహారానికి ప్రమాద మండలం. వండిన పదార్థాన్ని అందులో రెండు గంటలకు మించి ఉంచరాదు. మన వేసవిలో ఒక గంటే హద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో సురక్షితాహారానికి ఐదు సూత్రాలను ప్రకటించింది. శుభ్రత, పచ్చివాటిని వండినవాటితో కలపకపోవడం, పూర్తిగా ఉడికించడం, తగిన ఉష్ణోగ్రతలో ఉంచడం, మంచి నీరు, మంచి దినుసులు వాడటం. కులం తీసివేసిన స్వయంపాకమంటే ఇదే.

నేటి స్వయంపాకం

ఇప్పుడు మీ ప్రశ్నకు సమాధానం. నలుగురున్న కుటుంబం మూడు రోజుల యాత్రకు వెళుతోందనుకుందాం. మూడు పూటలూ గదిలో వండుకోవాలన్న పట్టుదల వద్దు. ఉదయం, రాత్రి తేలికగా వండుకొని, మధ్యాహ్నం తిరిగే చోటనే జనసమ్మర్దం ఉన్న భోజనశాలలో వేడి భోజనమో, క్షేత్రంలోని అన్నప్రసాదమో తీసుకోండి. తిరుమలలో నిత్యాన్నదానం 1985లో మొదలైంది. సత్రపు సంప్రదాయానికి అది ఆధునిక రూపం.

ఇంటి నుంచి తీసుకువెళ్లవలసినవి కొద్దే: బియ్యం, పెసరపప్పు, గోధుమరవ్వ, అటుకులు, వేయించిన వేరుశనగలు, ఒక పొడి, ఉప్పు, పసుపు, చిన్న సీసాలో పోపు సామాను కలిపి వేయించిన నూనె. కూరగాయలు, పెరుగు, నిమ్మకాయలు, గుడ్లు ఏ పూటకు ఆ పూట అక్కడే కొనండి.

రాత్రికి పులగం చేసుకోండి. నలుగురికి 300 గ్రాముల బియ్యం, 150 గ్రాముల పెసరపప్పు కడిగి, క్యారెట్టు, బీన్సు, టమాటా ముక్కలు, పసుపు, ఉప్పు చేర్చి, కొలతకు రెండున్నర నుంచి మూడు రెట్ల నీరు పోయండి. పొంగకుండా కుక్కరును మూడింట రెండు వంతులకు మించి నింపవద్దు. దిగాక వేయించిన పోపు నూనె, నిమ్మరసం కలిపితే చాలు. బియ్యం, పప్పుల నుంచే ఒక్కొక్కరికి సుమారు 14 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. పక్కన పెరుగు, దోసకాయ ముక్కలు ఉంటే భోజనం సంపూర్ణం. మధుమేహం ఉన్నవారు బియ్యం తగ్గించి పప్పు, కూరలు పెంచుకోవాలి. రక్తపోటు ఉన్నవారు ఊరగాయ, అప్పడాలను ఇంటివద్దనే విడిచి రావాలి.

ఉదయానికి ఒకనాడు అటుకుల ఉప్మా, ఒకనాడు కూరగాయలతో గోధుమరవ్వ ఉప్మా, ఒకనాడు ఉడికించిన గుడ్లు, అరటిపండ్లు. ఇవన్నీ అరగంటలోపే ముగిసేవి, ఒక్క గిన్నెతో సరిపోయేవి. ఎంత తింటారో అంతే వండండి. మిగిలితే దాచవద్దు. గదిలో ఫ్రిజ్ ఉంటేనే, గంటలోపల వెడల్పు పాత్రలో చల్లార్చి లోపల పెట్టండి.

తాగునీటిని కుతకుత మరిగించి, ఒక నిమిషం అట్లాగే ఉంచి చల్లార్చండి. రెండు వేల మీటర్లు మించిన ఎత్తులో మూడు నిమిషాలు మరిగించండి. చిన్న విద్యుత్ కెటిలు ఈ పనికి చాలు. 1867 నాటి యాత్రికునికి లేని వరం అది.

నిప్పు విషయంలో రాజీ వద్దు. 2023 ఆగస్టు 26న మదురై స్టేషను వద్ద నిలిపి ఉంచిన ఒక యాత్రికుల బోగీలో, నిబంధనలకు విరుద్ధంగా తెచ్చుకున్న గ్యాస్ సిలిండరు వల్ల మంటలు చెలరేగి తొమ్మిదిమంది మరణించారు. కాస్త టీ, కాస్త టిఫిను కోసం అంత మూల్యం! రైలులో ఎట్టి పొయ్యీ వెలిగించరాదు. బసలో యజమాని అనుమతి లేకుండా వండరాదు. విద్యుత్ పరికరాన్ని పరుపు దగ్గర, పరదా దగ్గర పెట్టవద్దు. ఒకే ప్లగ్గుకు రెండు పరికరాలు తగిలించవద్దు.

చివరగా ఇంకొక్క మాట. సత్రంలో మగవారు పొయ్యి రాజేసుకున్న సందర్భాలు ఎన్నో ఉన్నాయి. స్వయంపాకం అనే మాటలోనే "స్వయం" ఉంది. కానీ మన కుటుంబాల సెలవు ప్రయాణాలలో అందరూ విశ్రమిస్తే, ఇల్లాలు మాత్రం ఇంటి వంటను వేరే ఊళ్లో చేస్తున్నది. అది ఆమెకు సెలవు కాదు. పొదుపు పేరుతో ఆమె విశ్రాంతిని ఖర్చు పెట్టడం న్యాయం కాదు. ఒకరు కూరలు తరగండి, ఒకరు గిన్నెలు కడగండి, ఒక పూట తండ్రి వండాలి. పులగం వండటానికి పాండిత్యం అక్కరలేదు.

సంచిలో ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు వేసుకోండి. పొట్లంపై సూచించిన కొలత ప్రకారం కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. విరేచనాలు మొదలవగానే కొద్దికొద్దిగా తాగించాలి. మలంలో రక్తం, ఆగని వాంతులు, మూత్రం తగ్గిపోవడం, మగత కనబడితే, ముఖ్యంగా పిల్లలలోను, వృద్ధులలోను, దర్శనం వాయిదా వేసి వెంటనే దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. దర్శనం మరునాడైనా దొరుకుతుంది.